డీజే మర్నాడు బతికి బట్టకట్టడం ఎలా?

వినాయకుణ్ణి సాగనంపిన మర్నాడు పొద్దున తిరుపతిలో ఏ సందులోకైనా పోయి చూడండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో ఏరు పారుతున్నట్టు అరుచుకుంటుంటారు. పోట్లాట కాదు, పాల లెక్క చూసుకుంటున్నారు. రాత్రి డీజే బాక్సుల ముందు ఎగిరి ఎగిరి, వినాయకసాగర్ దాకా పోయి, కోడి కూసే వేళకు ఇల్లు చేరినవాళ్ళు మరి. చిత్తూరులో కట్టమంచి చెరువు దారిదీ ఇదే కథ. ఏటా చేసేది మనమే, మూలిగేదీ మనమే కాబట్టి, మర్నాటికి పనికొచ్చే సూచనలు కొన్ని.

మొట్టమొదట, లేవకండి. లేస్తే పిక్కలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

లేచి తీరాల్సి వస్తే, ‘నాకేం కాలేదు’ అని మాత్రం ఎవరితోనూ అనకండి. అలవాటు లేని కండరాన్ని వాడితే నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. మొదటి రోజు కోతలు కోసినవాడే రెండో రోజు గోడ పట్టుకుని నడుస్తాడు. ఇక పుణ్యమంతా ఒకే వారంలో కట్టుకుందామని అలిపిరి మెట్లు మొక్కుకున్నవాళ్ళుంటే, అవి 3,550. అంతకంటే చెప్పను.

చెవి మడతలో ఇరుక్కున్న గులాల్ ఎంత తోమినా పోదు. పోనివ్వండి. ఆఫీసులో ఆలస్యానికి కారణం అడక్కుండా అదే కాపాడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, చెవులు. గుయ్‌మని ఒకటే మోత. మోగేది ఫోనో చెవో తేల్చుకోవాలంటే ఫోను స్విచ్చాఫ్ చేయండి. ఇంకా మోగుతుంటే అది మీ సొంతం. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె పట్టుకుని వస్తుంది, పారిపోండి (పిక్కలు సహకరిస్తే). లెక్క కావాలంటారా? అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ, రోజులో 85 డెసిబెల్స్ చప్పుడు ఎనిమిది గంటలకు మించి వినొద్దంటుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ గడువు సగానికి సగం తగ్గుతుంది. అలా వందకు వచ్చేసరికి మిగిలేది పావుగంట. అంటే బాక్సు ముందు మూడు పాటలు. నాలుగో పాటకే కదా మనం చొక్కా తీసి తిప్పేది!

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఈ దెబ్బకు వాడిపోతాయి. కొన్ని తేరుకుంటాయి, అందుకే రెండ్రోజుల్లో మోత తగ్గుతుంది. చచ్చినవి మాత్రం మళ్ళీ మొలవవు, మనిషికి. కోడికి మొలుస్తాయి. ఈ సంగతి శాస్త్రవేత్తలు 1980ల్లోనే కనిపెట్టారు. నిమజ్జనం దాకా నీచు ముట్టకుండా ఉండి, మర్నాడు సంగటి ముద్దలో నాటుకోడి పులుసు పోసుకుని జుర్రుకుంటాం చూడండి, ఆ గిన్నెలోని ప్రాణికి చెవుల విషయంలో మనకంటే మంచి ఏర్పాటు ఉండేది. తినండి, కానీ కాస్త గౌరవంగా తినండి.

‘పలకల చప్పుడు మాత్రం తక్కువా?’ అని పెద్దాయన ఎవరైనా వాదిస్తే ఒప్పేసుకోండి. తక్కువేం కాదు. కాకపోతే పలక కొట్టేవాడికి చేతులు పీకుతాయి, బీడీకి ఆగుతాడు. ఆ సందులో మన చెవులకూ సెలవు. జనరేటరుకు బీడీ అలవాటు లేదు.

రాత్రి పది తర్వాత మైకులు మూసేయాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, పండగలకైతే ప్రభుత్వం అనుమతిస్తే అర్ధరాత్రి దాకా. ఈ మాట కమిటీ కుర్రాళ్ళతో నెమ్మదిగా చెప్పి చూడండి. బాక్సుల ముందు చెబితే ఎవరికీ కోపం రాదు.

ఇంత తెలిసీ దూరంగా నిలబడొచ్చు కదా? నిలబడొచ్చు. అరుగు మీద కూర్చుని, చేతులు కట్టుకుని, పిల్లకాయల్ని తిట్టుకుంటూ. కానీ నలభై దాటాక మనల్ని ఎవరైనా దేనికైనా రమ్మని లాగడం ఎంత అరుదో మీకూ తెలుసు. ‘ఏమి నా, ఆడే నిలబడితివి, రా నా!’ అని మెడలో కండువా వేసి ఈడుస్తారు. ఆ బాస్ దెబ్బ గుండెల మీద ధన్‌మని పడగానే కరెంటు బిల్లు, కొలెస్ట్రాల్, మోకాలు అన్నీ మరిచిపోతాం. మర్నాడు అన్నీ వాటి స్థానాల్లోనే ఉంటాయి, మోకాలు తప్ప.

మోత రెండ్రోజులకూ తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినా, వేళాకోళాలు ఆపి అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి పోండి. ఆలస్యం చేస్తే మందు పట్టకపోవచ్చు.

చివరగా, ‘వచ్చే ఏడు బాక్సు దరిదాపులకు పోను’ అనే ఒట్టు. ఇది అందరూ వేసుకుంటారు, మీరూ వేసుకోండి. కాణిపాకం వినాయకుడి గుడిలో మాత్రం వద్దు. అక్కడి ప్రమాణానికి విలువ ఎక్కువ. తాగుడు మానేస్తామని తాగుబోతులు ఒట్టు వేసేదీ ఆ స్వామి ముందే. పైగా ఆయన దగ్గర మొహం చెల్లాలి కదా. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వుతుంటే స్వామి విగ్రహానికి పార తగిలి నెత్తురు ఉబికిందనీ, ముగ్గురి లోపాలూ పోయాయనీ స్థలపురాణం. చెవిటివాడికి చెవులిచ్చిన దేవుడి పేరు చెప్పి ఉన్న చెవులు పోగొట్టుకొచ్చి, ఆయనకే అర్జీ పెట్టుకుంటే ఏం బాగుంటుంది?

ఒట్టేదో ఇంట్లోనే వేసేయండి, గొంతు బొంగురుపోయి ఉన్నప్పుడే. మీకు మాట రాదు, ఇంట్లోవాళ్ళకు వినపడదు. వచ్చే చవితికి ఎవరూ గుర్తుచేయలేరు.