ఇరవై మూడు కిలోల్లో నా వంతు

నేను షోలాపూర్ చద్దర్‌ను. పుట్టింది అశోక్ చౌక్ వెనక సందులో, కింద సాంచాలనే మరమగ్గాలు, మీద రెండు గదుల కాపురం ఉన్న కార్ఖానాలో. జకార్డ్ అట్టల రంధ్రాలు ఏ పోగు లేవాలో చెబుతుంటే, నాడె అటూ ఇటూ ఉరికి నా ఒంటి మీద నెమలి ఈకలు పొడిచింది. ఒకవైపు ఎర్ర నేల మీద తెల్ల ఈక, తిప్పి కప్పుకుంటే తెల్ల నేల మీద ఎర్ర ఈక. మా జాతికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా మా పేరు పెట్టుకుని వేరే ఊళ్ల సరుకు సంతల్లో దర్జాగా అమ్ముడవుతుంటుంది. మా కార్ఖానాలోనే ఇప్పుడు చద్దర్లకన్నా టవళ్లు ఎక్కువ దిగుతున్నాయి.

నేను సాంచ దిగిన వారమే ఊళ్లో పెద్ద చప్పుడైంది. 2023 జూన్ 15న సిద్ధేశ్వర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీని, దాదాపు 90 మీటర్లదాన్ని, నేలకూల్చారు. హోట్గీ రోడ్డు విమానాశ్రయంలో దిగే దారికి అది అడ్డమట. చెరకు రైతులు ఒకవైపు, విమానం కావాలనేవాళ్లు ఒకవైపు నిలబడి ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. అంతకు ముందెప్పుడో కింగ్‌ఫిషర్ విమానాలు కొన్నాళ్లు ముంబైకి తిరిగి ఆగిపోయాయి. చిమ్నీ పడ్డాక కూడా విమానం వెంటనే రాలేదు. 2024 సెప్టెంబరులో విమానాశ్రయం ప్రారంభోత్సవం, 2025 జూన్‌లో ఫ్లై91 వాళ్ల గోవా విమానం, అక్టోబరులో స్టార్ ఎయిర్ వాళ్ల ముంబై విమానం. అది మోగుకుంటూ పోతే మా సందులో పిల్లలు మిద్దెలెక్కేవాళ్లు. మా కార్ఖానా ఇంటి అవ్వ మాత్రం తల ఎత్తేది కాదు. చాటలో తునికాకు, తంబాకు, ఆ రోజు లెక్కకు చుట్టాల్సిన బీడీలు. రాత్రిళ్లు ఆమె కప్పుకునేది నన్నే గనక ఆ వాసన నాకూ పట్టింది.

ఆమె మనవడికి జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది.

"ముంబైకి ఇమానం వచ్చింది గదరా, గండ్లనే పో" అంది అవ్వ.

"గది చిన్నదే అవ్వా, ఇంత సామాను ఎత్తదు. శంషాబాద్ నుంచి సీదా పోతది."

వాడి లెక్క తప్పు కాదు. మా ఊరికి వచ్చేవన్నీ చిన్నవే. గోవా పోయేదైతే ఏటీఆర్, డెబ్బై మంది పట్టే రెక్కల పంకా బండి. చిన్న రన్‌వే మీద దిగి చిన్న దూరాలు పోవడానికే దాన్ని చేశారు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా తొమ్మిది పది గంటలు ఎగరాలంటే ఇంధనం నింపుకున్న పెద్ద విమానం కావాలి, దాని బరువుకు తగ్గ రన్‌వే కావాలి. శంషాబాద్‌లో అది 4,260 మీటర్లు ఉంది. అన్నిటికన్నా ముందు, సీట్లు నింపే జనం ఉండాలి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పటి నుంచి అక్కడి దూరపు విమానాలను బతికిస్తున్నది సూట్‌కేసులు లాగే మన పిల్లలూ, వాళ్లను చూడబోయే తల్లిదండ్రులూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూనే. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు మొదలుపెట్టింది, 2025 సెప్టెంబరులో కేఎల్‌ఎం ఆమ్‌స్టర్‌డామ్‌కు. మా ఊరి పేరు ఆ బోర్డుల మీద లేదు గానీ, ఆ సీట్లలో మా సందు పిల్లలూ ఉన్నారు.

ప్రయాణం ముందు రోజు సూట్‌కేసును నూలు తూచే కాంటా మీద పెట్టారు. హద్దు ఇరవై మూడు కిలోలు. కాంటా ఇరవై ఐదు దాటింది. అందరి కళ్లూ నా మీదే పడ్డాయి. శేంగా చట్నీ, అదే పల్లీల పొడి, తియ్యడానికి తల్లి ఒప్పుకోలేదు, కడక్ భాకరీలు, అదే గట్టి జొన్నరొట్టెలు, తియ్యడానికి చెల్లె ఒప్పుకోలేదు.

"ఆడ హీటర్లుంటయ్ అవ్వా, దీన్ని ఈడనే ఉంచు."

"హీటరు కప్పుకొని పంటవా? పెట్టు."

ప్రెషర్ కుక్కర్ దిగింది, నేను ఎక్కాను.

రాత్రి జీపులో కుటుంబమంతా బయలుదేరింది. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి. నాయిన దారి పొడుగునా చెప్పిన ముచ్చట ఒక్కటే. వాళ్ల తాత కరీంనగర్ వైపు పల్లెలో మగ్గానికి పని లేక, షోలాపూర్ మిల్లుల్లో కూలి దొరుకుతుందని పడమటికి వచ్చాడట. ఊళ్లో మొదటి మిల్లు 1877 నాటిది. దాని వెనకే ఇంకొన్ని లేచాయి, వాటి చుట్టూ పద్మశాలీల పేటలు వెలిశాయి. ఇప్పుడా మిల్లులు లేవు. మునిమనవడేమో ఇంకా పడమటికి పోవడానికి ముందు మూడు వందల కిలోమీటర్లు తూర్పుకు రావలసి వచ్చింది. నాయినకు అది వింతగా తోచింది. నాకు తోచలేదు. పని ఎటుంటే శాలోళ్లు అటే పోతారు, మధ్యలో దిక్కులు లెక్కపెట్టరు.

విమానం పొట్టలో నాకు తెలిసిన సరుకు ఒక్కటీ లేదు. హైదరాబాద్ మందుల పరిశ్రమ ఊరు గనక చల్లగా ఉంచవలసిన మందుల డబ్బాలకు అక్కడ మర్యాద ఎక్కువ. మా షోలాపూర్ టవళ్లు పరదేశం పోయేది ఓడ మీద, కంటైనర్లలో, నవా శేవా రేవు నుంచి. బేళ్లకు విమానం కిరాయి కడితే మాలక్‌కు మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఊరికి విమానం వస్తే జౌళి ఎగుమతులు ఎగిరిపోతాయని ప్రసంగాలు చేసేవాళ్ల మాట నేను సగమే నమ్ముతాను. కొనేవాడు వచ్చి కార్ఖానా చూసి పోవడానికి పనికొస్తుంది, నిజం. బేళ్లు మాత్రం లారీ కోసమే చూస్తుంటాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హీటరు ఉంది, కానీ కరెంటు బిల్లు చూశాక వాడు దాన్ని తగ్గించి నన్ను బయటికి తీశాడు. గదిలో ఇంకో పిల్లాడిది గుంటూరు. ఒక రాత్రి నన్ను అడిగి కప్పుకుని, తెల్లారి తనకూ ఒకటి తెప్పించమన్నాడు. పార్సిల్ ఖర్చు విచారిస్తే చద్దర్ ధరను మించింది. వచ్చే సెమిస్టరుకు మా ఊళ్లో 'కన్నా చౌక్' దగ్గరి అమ్మాయి ఒకతె వస్తోంది. ఆమె తల్లికి నాయిన ఫోన్ చేశాడు.

"మా పోరి సూట్‌కేసుల బట్టలకే జాగ లేదన్నా."

"సూట్‌కేసుల వద్దమ్మా. భుజం మీద ఏసుకొని ఎక్కమను, గది తూకంల రాదు."

"ఏర్‌పోర్టుల గంత మందిల చద్దర్ కప్పుకొని తిరుగుమంటవా?"

ఆ అమ్మాయి ఒప్పుకుంటే చేతిఖర్చు కింద ఎంత ఇవ్వాలన్న బేరం ఇంకా నడుస్తోంది.