బ్రో-శబ్ద సంజీవని

అవతారిక: అమీర్‌పేటలో కోర్సు, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలు గల ఒక విద్యార్థి, సాయంకాలపు రెడ్ లైన్ మెట్రోలో మూసారంబాగ్ దాటగానే, తలుపుకు అడ్డంగా నిలిచిన అపరిచితునితో ఇట్లు పలుకుచున్నాడు.

మూలం: "బ్రో, నువ్వు ఎల్బీనగరే కదా బ్రో, జర లోపలికి జరుగు బ్రో!"

ప్రతిపదార్థం: బ్రో = ఓ అపరిచితుడా; నువ్వు ఎల్బీనగరే కదా = లాల్ బహదూర్ శాస్త్రి పేరు మోస్తున్న ఆఖరి స్టేషను దాకా నీకు దిగే పని లేదు కదా; బ్రో = కోపం తెచ్చుకోకు; జర = కొంచెం; లోపలికి = తలుపు విడిచి; జరుగు = జరుగుము; బ్రో = లేదా నేనే జరుపుదును.

తాత్పర్యం: దిగనివ్వు.

విశేషాలు: మొదటి బ్రో సంబోధన, రెండోది లేపనం. మూడోదానికి వాచ్యార్థం ప్రేమ, వ్యంగ్యార్థం మోచేయి. 'జర జరుగు' అనుచోట శబ్దాలంకారం అప్రయత్నంగా సిద్ధించింది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా రైలు వచ్చింది మొదలు ఈ వాక్యానికి రోజూ పారాయణమే.

'అన్నా' ఉండగా ఇదేల అని శంక. అన్న అనాలన్నా, తమ్ముడు అనాలన్నా ముందు వయసు తేలాలి. తలుపు తెరుచుకునేలోగా ఎదుటివాడి పుట్టిన సంవత్సరం ఎవడు తేలుస్తాడు? బ్రోకు ఆ లెక్క అక్కర్లేదు. ఈ ఒక్క సుగుణానికే దీన్ని భాషలోకి రానివ్వవచ్చునని నా మతం. పైగా ఇంగ్లీషు బ్రదరూ మన భ్రాతా ఒకే మూలం నుంచి పుట్టినవి. బొత్తిగా పరాయిది కాదు. అయితే అప్పు అడిగేచోట బ్రో చెల్లదు. నెలాఖరున చైతన్యపురి మెస్సుల్లో, కొత్తపేట టీ బండ్ల దగ్గర మళ్లీ 'అన్నా' అనే దీర్ఘాంతమే వినబడుతుంది. అప్పిచ్చేవాడు ఎప్పుడూ పెద్దవాడే.

ఇక లింగం. చిన్నయసూరి లెక్కన మహద్వాచకం. లేడీస్ హాస్టలు మెట్ల మీద అమ్మాయిలు అమ్మాయిలనే ఇట్లు పిలుచుకొనుటచే మహతీవాచకమూ అయింది. 2023లో పవన్ కల్యాణ్ కాలదేవుడిగా కనిపించిన సినిమాకు ఇదే పేరు పెట్టారు గనుక దేవతావాచకమనీ కొందరంటారు.

పాఠాంతరం: "అంకుల్, జర లోపలికి జరగండి అంకుల్" అని కొన్ని బోగీల్లో వినవస్తున్నది. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనన్నాడు. ఆ నియమాన్ని బట్టి ఇది ప్రక్షిప్తం. అందునా నిన్ననే జుట్టుకు రంగు వేయించుకొన్నవానిపై ప్రయోగించుట మహాదోషం.