దండ బరువు, కొలువు తేలిక

మా ఐరాల పక్క ఏ పల్లెలోనైనా పిలగాడు సైన్యంలో అగ్నివీరుగా ఎంపికైతే, ముందు లేచేది వాడి ట్రంకుపెట్టె కాదు, ఫ్లెక్సీ. అందులో నాయకులు, ఉపనాయకులు, వాళ్ల బామ్మర్దులు కొలువుదీరాక మూలన మిగిలిన జానెడు చోట్లో పిలగాడి పాస్‌పోర్టు ఫొటో. ఆపైన డీజే, టపాకాయలు, గజమాల, జీపు మీద ఊరేగింపు. మైకు దొరికిన పెద్దమనిషి ‘మేమంతా నీ వెనకాలే ఉన్నాం నాయనా’ అంటాడు. నిజమే, ముందుండే పని వాడిది కదా!

అలా ముందుండేవాళ్లు అన్నిచోట్లా తేలిగ్గా దొరకరు. 2022 సెప్టెంబరులో రష్యా మూడు లక్షల మందిని యుద్ధానికి పిలవాలంటే అధ్యక్షుడే ఉత్తర్వు జారీ చేయాల్సి వచ్చింది. మనకు నిర్బంధ సైనిక సేవ లేదు. ఆ పని నిరుద్యోగమే చూసుకుంటోంది, సంతకం కూడా అక్కర్లేకుండా. చెనక్కాయ ఎండి, మామిడి ధర పడిపోయిన ఇంట్లో పిలగాడు తెల్లారకముందే లేచి పరుగు తీస్తే దేశభక్తి అంటాం. దేశభక్తి ఉంది. ఇంట్లో అప్పూ ఉంది. మైకుకు మొదటిదే వినబడుతుంది.

మైకు లెక్కలూ చెప్పదు. 2022 జూన్ 14న ఈ అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ఇదీ: కొలువు నాలుగేళ్లు, శిక్షణ కూడా అందులోనే. ఆ తర్వాత నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు, ఫ్యాక్టరీ గేటు కాడ తోతాపురి కాయలు ఏరినట్టు. మిగిలినవాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. చేతిలో పెట్టేది సుమారు 11.71 లక్షల సేవానిధి. అందులో దాదాపు సగం వాడి జీతంలోంచి నెలనెలా 30 శాతం కోసి దాచిందే. మొదటి ఏడాది నెల జీతం 30,000, ఇంటికి పంపగలిగేది 21,000 లోంచే.

ఈ లెక్క ముందుగా అర్థమైన కుర్రాళ్లు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. తగలబెట్టడం తప్పే. కానీ మనకో నియమం ఉన్నట్టుంది: లెక్క అడిగినోడికి కేసు, అడగనోడికి గజమాల.

నాకు దండ మీద కోపం లేదు. మంచుకొండల్లో కాపలా కాసే బిడ్డకు ఎన్ని దండలేసినా తక్కువే. నా గొడవంతా తిరుగు బస్సు గురించి. ఆర్మీ తొలి బ్యాచ్ 2023 మొదట్లో శిక్షణకెక్కింది. నాలుగేళ్లు లెక్కపెట్టుకోండి. పాతికేళ్లు నిండీ నిండకముందే ‘మాజీ’ అయి బస్సు దిగేవాడికి ఫ్లెక్సీ ఆర్డరు ఎవరిచ్చారు? డీజేకు బయానా ఎవరు కట్టారు?

అందుకే ఒక మనవి. సత్యప్రమాణాల కాణిపాకం మన మండలంలోనే ఉంది. మైకు పట్టే ప్రతి పెద్దమనిషీ ముందు వినాయకుడి ఎదుట ‘వాడు తిరిగొచ్చిన రోజూ నేనుంటాను’ అని ప్రమాణం చేసి, తర్వాతే దండ పట్టుకోవాలి.

పక్కనే బాహుదా నది. మామిడిపండు తిన్న పాపానికి చేతులు పోగొట్టుకున్న లిఖితుడనేవాడికి అందులో మునగ్గానే మళ్లీ మొలిచాయని స్థలపురాణం. సాగనంపేనాడు చప్పట్లు కొట్టి, తిరిగొచ్చేనాటికి మాయమైపోయే చేతులకు కూడా అదే రేవు.