ఇన్‌స్టంట్ వదినగారు

పూర్వం ఇంటికొచ్చినవాళ్ళకి అరిసె పెడితే, దాంతోపాటు దాని కష్టాల చరిత్ర కూడా వడ్డించేవాళ్ళు. బియ్యం నానబెట్టడం, తడి ఆరకముందే పిండి కొట్టడం, బెల్లం పాకం దగ్గర కళ్ళు మండేదాకా నిలబడటం, నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి ఉండ కడుతోందో లేదో చూడటం. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోయేది, ముదిరితే పళ్ళమీదకొచ్చేది. ఇదంతా వింటేగాని రెండో అరిసె చేతికి రాదు. ఎంత కష్టపడితే అంత గొప్ప.

ఇప్పుడా గొప్ప తిరగబడింది. ఎంత కష్టపడనట్టు కనిపిస్తే అంత గొప్ప. దీనికి నిలువెత్తు రూపం మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటుంది. పేరుతో పనిలేదు. హైదరాబాదులో మీరుండే చోటా ఇలాంటావిడ ఒకరు ఉండే ఉంటారు, ఆ పేరే పెట్టుకోండి. మేం మాత్రం చాటుగా ఇన్‌స్టంట్ వదినగారు అనుకుంటాం.

"ఏముందండీ, ఐదు నిమిషాల పని" అన్నది ఆవిడ ఊతపదం. అబద్ధమని అనలేం. కాకపోతే ఆవిడ గడియారం అతిథులు సోఫాలో కూర్చున్నాకే మొదలవుతుంది. అంతకుముందు గడిచింది ఆవిడ లెక్కలో కాలమే కాదు.

ఖుబానీ కా మీఠా సంగతే చూడండి. ఆవిడ చెప్పే పద్ధతి ఒక్క ముక్క: "ఎండు ఆప్రికాట్లు నానబెట్టి, ఉడకబెట్టి, పంచదార వేసి దించెయ్యడమే." శుక్రవారం బేగంబజారు వెళ్ళి బేరమాడి మంచి రకం ఏరి తేవడం, శనివారం రాత్రంతా నానబెట్టడం, తెల్లారి ఒక్కోటీ చీల్చి గింజ తియ్యడం, గుజ్జు అడుగంటకుండా సన్నసెగ మీద కలుపుతూ నిలబడటం, ఇవేవీ ఆ ముక్కలో లేవంతే. ఇక ఆ గింజలున్నాయి. పగలగొడితే లోపల చిన్న బాదంలాంటి పప్పు ఉంటుంది. అది పైన పడకపోతే పాత హైదరాబాదీలు పెదవి విరుస్తారు. ఆ పగలగొట్టే శాఖ అన్నయ్యగారిది. ఆదివారం పొద్దున్నే బాల్కనీలో పచ్చడిబండతో ఆయన టక్కుటక్కున మొదలుపెట్టాడంటే, సాయంత్రం వదినగారింటికి స్నేహితులొస్తున్నారని నాలుగంతస్తులకీ తెలిసిపోతుంది. గట్టిగా కొడితే పప్పు నలుగుతుంది. మెల్లిగా కొడితే గింజ ఎగిరి కిందవాళ్ళ తులసి కుండీలో పడుతుంది. రెంటికీ మధ్య దెబ్బ ఆయనకి రిటైరయ్యాక గాని పట్టుబడలేదు. సాయంత్రం ఎవరైనా "పైన ఈ పప్పులు భలే ఉన్నాయండీ" అంటే ఆయన తన బొటనవేలి వైపు చూసుకుంటాడు. వదినగారు "ఐదు నిమిషాలు" అంటుంది.

ఆవిడ వంటింట్లో పాడైన వంటంటూ ఉండదు, పేరు మారిన వంటే ఉంటుంది. హల్వా గట్టిపడకపోతే పుడ్డింగు. పుడ్డింగు నిలబడకపోతే మిల్క్‌షేకు. ఓవెన్ ఎందుకు దండగని కుక్కర్లో ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి కేకు పెడుతుంది. అది మధ్యలో గుంట పడితే ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా మారదు. ముక్కలు చేసి, గాజుగ్లాసుల్లో ఒక వరస కేకు, ఒక వరస కస్టర్డు, ఒక వరస దానిమ్మగింజలు పేర్చి ట్రైఫిల్ అని బయటికి తెస్తుంది. ఇంగ్లీషువాళ్ళు చేసుకునే ట్రైఫిలూ ఇంచుమించు అలాంటిదే కాబట్టి పట్టుకుందామన్నా దొరకదు. స్టీలు గిన్నెలో ఉన్నంతసేపూ అది కూలిన కేకు. గాజులోకి మారాక డిజర్టు.

"ఇందులో గుడ్డుందా?" అని ఎవరైనా అడిగితే ఆవిడకి పండగే. కస్టర్డు పొడి కథ మొదలవుతుంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అని ఒక మందులషాపాయన ఉండేవాడనీ, ఆయన భార్యకి గుడ్డు పడేది కాదనీ, అందుకని మొక్కజొన్న పిండితో ఈ కస్టర్డు కనిపెట్టాడనీ చెబుతుంది. కథ నిజమే. ఆ ఇల్లాలికి గుడ్డు పడివుంటే మన శాకాహార ఇళ్ళల్లో ఇన్ని పుట్టినరోజుల ఫ్రూట్ కస్టర్డు ఉండేది కాదు. అయితే కథ ముగిసేసరికి గ్లాసులో అడుగు వరస కేకు గుంటపడిందా లేదా అని చూసే ఓపిక ఎవరికీ మిగలదు. కథ పని అదే.

షుగరున్నవాళ్ళకి వేరే మంత్రం. "ఒక్క చెంచా పంచదార వేస్తే ఒట్టు, అంతా కండెన్స్‌డ్ మిల్కే!" ఆ డబ్బాలో దాదాపు సగం పంచదారేనన్న సంగతి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. షుగరున్నవాళ్ళు ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వస్తారు.

ఒకసారి తాజా అనాస ముక్కలతో జెల్లీ పెట్టింది. పొద్దుట్నించీ ఫ్రిజ్‌లో ఉన్నా నీళ్ళలాగే ఉంది. పచ్చి అనాసలో ఉండే ఎంజైము జెలటిన్‌ని విరగ్గొట్టేస్తుంది. డబ్బాలో దొరికే ముక్కలైతే వేడి తగిలినవి కాబట్టి ఆ గొడవ ఉండదు. ఈ శాస్త్రం ఆ పూట ఎవరికీ తట్టక, జెల్లీ కాస్తా పైనాపిల్ పంచ్ అయి గ్లాసులెక్కింది. అంతటితో పోయేదే. కానీ ఒకావిడ "జెలటిన్ దేంతో చేస్తారు వదినా?" అంది, టెన్త్ చదివే వాళ్ళబ్బాయి ఫోనులో చూసి "ఎముకలూ తోళ్ళూ" అని హాలంతా వినబడేలా చదివాడు. అదీ కార్తీకమాసంలో. అప్పట్నించీ ఆ ఇంట్లో చైనాగ్రాసే. అది సముద్రపు నాచుదని, ఫ్రిజ్ లేకపోయినా గడ్డకడుతుందని, అనాసకి కూడా లొంగదని వదినగారు ఇప్పుడు పుట్టినప్పట్నించీ తెలిసినట్టే చెబుతుంది.

ఆ ఇంట్లో ఈ ఐదు నిమిషాలకి లొంగనిది అత్తగారొక్కరే. కోనసీమ మనిషి. బెల్లం పాయసం విరిగినరోజు "దించి చల్లార్చాక కలపాలమ్మా బెల్లం" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ పాయసం పనీర్ ఖీర్ పేరుతో వడ్డన అయినప్పుడు ఆ మాట కూడా అనలేదు, రెండోసారి అడిగి వేయించుకుంది.

కానీ టిరమిసు రోజు ఆవిడా ఆగలేకపోయింది. ఇటలీవాళ్ళ మస్కర్పోనే చీజు బదులు పెరుగు మూటగట్టి రాత్రంతా సింకు కుళాయికి వేలాడదీసింది వదినగారు. పొద్దున్నే పళ్ళు తోముకోడానికొచ్చిన అన్నయ్యగారు ఆ మూట చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడివాళ్ళు వాడే బిస్కెట్ల బదులు ఉస్మానియా బిస్కెట్లు, ఎస్ప్రెస్సో బదులు ఫిల్టరు డికాక్షను. ఇంతవరకూ తెలివే, ఒప్పుకోవాలి. ఉస్మానియాలోని ఆ కాస్త ఉప్పు డికాక్షను చేదుకి బాగా నప్పింది. చిక్కంతా క్రీము దగ్గరొచ్చింది. అట్టపెట్టెలో దొరికే మామూలు క్రీములో కొవ్వు 25 శాతం. 30 దాటితేగాని గిలక్కొట్టినా నురుగు నిలబడదు. పైగా మే నెల. అన్నయ్యగారు ఐసుముక్కల బేసిన్‌లో గిన్నె పెట్టుకుని, బీటరు పట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చిందా?"

"రాలేదు."

"ఇంకో ఐదు నిమిషాలు కొట్టండి."

ఆ సంభాషణ అలాగే సాగింది. బీటరు వేడెక్కింది, ఆయన వేడెక్కాడు, క్రీము మాత్రం చల్లగా, పల్చగా ఉండిపోయింది. చివరికి దాన్ని పెరుగులో కలిపేసి, పైన కోకో పొడి జల్లి మూత పెట్టారు. తలుపు బెల్లు మోగేసరికి వదినగారు చీర మార్చుకుని, జడలో మల్లెపూలు తురుముకుని, అప్పుడే పత్రిక చదువుతూ లేచినట్టు ఎదురొచ్చింది.

అందరూ ఆహా అన్నారు. అత్తగారు ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, నిదానంగా చప్పరించి, "బాగుందే అమ్మాయ్. మీ మావగారు కూడా రోజూ కాఫీలో బిస్కెట్టు ముంచుకునే తినేవారు. ఇన్ని గిన్నెలు మాత్రం పాడుచేసేవారు కాదు" అంది.

ఇంత చెప్పినా ఆవిడమీద నాకు ఫిర్యాదేం లేదు. అలిసిన మొహంతో పెట్టిన మిఠాయి అతిథికి గొంతు దిగదు. "అయ్యో, మాకోసం ఇంత శ్రమ పడ్డారా" అని మొహమాటపడుతూ తినేవాడు రెండోసారి అడగడు. ఆ మొహమాటం రానివ్వకుండా చూడటం మర్యాదే. ఆ మర్యాదలో గర్వం పాయసంలో యాలకపొడిలా కలిసిపోయి ఉంటుంది, విడిగా కనబడదు గాని వాసన తెలుస్తుంది.

ఎటొచ్చీ కష్టమంతా ఆవిడ మాట నమ్మి ఇంటికెళ్ళి చేసినవాళ్ళకే. మొన్న రెండో అంతస్తు కొత్తకోడలు కొబ్బరి పుడ్డింగు మొదలుపెట్టింది. హాల్లో భర్త ఆఫీసువాళ్ళు ఆరుగురు కూర్చునివున్నారు. చాటుగా వంటింట్లోంచి ఫోను.

"వదినగారూ, చైనాగ్రాసు కరగలేదండీ, పాలల్లో దారాల్లా తేలుతోంది!"

"నీళ్ళలో నానబెట్టి, విడిగా మరగబెట్టి, పూర్తిగా కరిగాక కదమ్మా వేడిపాలల్లో వడగట్టాలి?"

"మీరు పాలల్లో వెయ్యడమే అన్నారు కదండీ!"

"నానబెట్టాలని కూడా చెప్పాలా? సరే, కంగారుపడకు. జల్లెట్లో వడగట్టి ఆ దారాలు పారెయ్. పాలు చల్లార్చి గాజుగ్లాసుల్లో పొయ్యి. గాజువి ఉన్నాయిగా? పైన నాలుగు పిస్తా పలుకులు. ఎవరైనా పేరడిగితే ఇటలీదని చెప్పు. ఇటలీ అన్నాక గట్టిపడలేదేమని ఎవరూ అడగరు."