బండి వెనుక బండి: సటీకా తాత్పర్యము

ఆ. రెండు చక్రములది, రేకుపెట్టెయుఁ గల
బండి వెనుక బండి, బాగు గలదు;
పేపరులును గలవు; బేరమ్ము లేదయా;
ధర్మపురికి రండి, ధరను వినుడు.

అవతారిక: ధర్మపురి అనగా గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన క్షేత్రము కాదు. బెంగళూరు నుంచి సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, పూర్వం తగడూరు అనిపించుకున్న తమిళనాటి ధర్మపురి. అక్కడ ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే ఒక బుల్లెట్ యజమాని, ముచ్చటపడి చేయించుకున్న ట్రెయిలరును అమ్మకానికి పెట్టిన సందర్భములోని పద్యమిది. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు గనుక అది చెల్లింది. అమ్మకపు ప్రకటనలో అసలు సంగతులన్నీ మూలంలో లేనిచోటే ఉంటాయి.

ప్రతిపదార్థము: రెండు చక్రములది = పాత టీవీఎస్ మోపెడ్ల నుంచి ఊడదీసిన చక్రములు గలది. ఇవి స్వదేశీ చక్రములే. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చిననాడు ఆ హోసూరు ధర్మపురి జిల్లాలోదే. కృష్ణగిరి జిల్లా వేరుపడింది 2004లో. రేకుపెట్టెయుఁ గల = చదరపు పైపు ఫ్రేము మీద రేకు కొట్టి, మూతకు రబ్బరు బీడింగు వేసి, రెండు తాళాలు పెట్టిన పెట్టె గలది. అందులో కుడివైపు ఒక అర ఉంది. హొగేనకల్ జలపాతం దగ్గర చేపలు వేయించుకోవాలని గ్యాస్ స్టవ్వు కొలతకు చేయించినది. స్టవ్వు నల్లబడలేదు. బాగు గలదు = వాడలేదు.

విశేషము: "వెనుక" అను పదమునందే ఈ పద్యపు ప్రాణమున్నది. మలుపులో మోటారు సైకిలు ఒరుగుతుంది, రెండు చక్రాల ట్రెయిలరు ఒరగదు. కాబట్టి రెంటినీ కలిపే కొక్కెం అటూ ఇటూ తిరగడమే కాక మెలి కూడా తిరగాలి. లేకపోతే ట్రెయిలరు బండిని నిలబెట్టేస్తుంది, లేదా బండి ట్రెయిలరును ఎత్తేస్తుంది. దీన్ని చేసిన లేత్ మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. గ్రీజు నిప్పిలుతో సహా చక్కని జాయింటు చేసి పెట్టాడు. నన్నడిగితే మొత్తం సరుకులో డబ్బు పెట్టదగినది అదొక్కటే. పద్యంలో దాని ఊసే లేదు.

బ్రేకు ఊసు కూడా లేదు, ఎందుకంటే బ్రేకు లేదు. ధర్మపురి నుంచి సేలం వైపు దిగితే తొప్పూరు ఘాటు వస్తుంది; ప్రమాదాలకు పేరుమోసిన దిగుడు. అక్కడ ముందు బండి బ్రేకు పట్టినా వెనుక బండి తన బరువుతో తోస్తూనే ఉంటుంది. సామాను ఇరుసుకు వెనకవైపు ఎక్కువ పడిందంటే కొక్కెం పైకి లేచి, తోక ఊగడం మొదలవుతుంది. బరువు కొంచెం ముందుకు ఉండాలి. స్టవ్వు అర వెనకనే ఉంది.

పేపరులును గలవు = ఇక్కడ పూర్వపక్షి అడుగును: దేని పేపర్లు? సిద్ధాంతి: బుల్లెట్టువి. మరి ట్రెయిలరువో? సిద్ధాంతి టీ చెప్పును. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2(28) ప్రకారం ఇంజను లేకున్నా ట్రెయిలరు మోటారు వాహనమే. పక్కన తగిలించే సైడ్‌కారును మాత్రం 2(46) ట్రెయిలరు లెక్కలోంచి తప్పించింది. మోటారు వాహనమన్నాక 39వ సెక్షను కింద రిజిస్ట్రేషను కావాలి. దీని వెనక రేకు మీద పెయింటుతో రాసి ఉన్న టీఎన్ 29 నంబరు బుల్లెట్టుదే. పైగా కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. యజమాని మాత్రం 29, 30 నంబర్ల ఫారాలు తెచ్చి సిద్ధంగా ఉంచాడు, రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో తెలియజేయాలని కూడా కంఠతా చెబుతాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

బేరమ్ము లేదయా, ధరను వినుడు = ధర చెప్పకముందే బేరం లేదనడం దోషమని ఆలంకారికులు అనవచ్చు. కాదు, అదే ఇందులో గడుసుదనం. "వినుడు" అన్నది అక్షరాలా నిజం. ధర ఒక్క ముక్కలో రాదు. పైపు ఎంతయింది, రేకు సేలం నుంచి ఎలా తెప్పించాడు, మేస్త్రీ ఎన్నిసార్లు తిప్పాడు, మూతకు ఆ ఆకుపచ్చ రంగు ఎవరు ఎంచారు (ఇల్లాలు, ఆ తరువాత ఒక్కసారీ దాని దగ్గరికి రాలేదు), ఇవన్నీ విన్నాక గాని అంకె బయటికి రాదు. పెట్టిన ఖర్చంతా తిరిగి రావాలని అమ్మేవాడి ఆశ. తనకోసం కుట్టించుకున్న చొక్కాకు పక్కింటివాడు కుట్టుకూలి ఇస్తాడా?

కొనవచ్చినవాని వృత్తాంతము: పాలకోడు నుంచి ఒక టమాట వ్యాపారి వచ్చాడు. కథంతా ఓపిగ్గా విన్నాడు. టైరును కాలితో తన్నాడు, జాయింటు పట్టుకుని రెండుసార్లు మెలితిప్పాడు, మూత ఎత్తి స్టవ్వు అర చూసి మళ్ళీ దించాడు.

"అన్నా, పెట్టె కోసేసి ఇస్తే ఎంత?" అన్నాడు.