మట్టికీ దయ ఉంటుంది

నోటోలో మనుషులే కాదు, మట్టి కూడా దయగలదని జపాన్‌లో ఒక నానుడి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నా చక్రాలు ఇసుక మీద ఉన్నాయి. అది 2015 వసంతం. దగ్గర్లోని కనజావా నగరం దాకా షింకాన్‌సెన్ రైలు వచ్చి కొన్ని వారాలే అయింది. దాని వెనకే నేనూ ఆ నేలకు వచ్చాను. నేనొక సైకిల్ని. జపాన్ సముద్రంలోకి మోచెయ్యి మడిచి పెట్టినట్టుండే నోటో ద్వీపకల్పంలో, పల్లె దారుల వెంట అతిథులను తిప్పి చూపించడం నా పని.

నా పుట్టిల్లు ఒసాకా పక్కనున్న సకాయ్. ఒకప్పుడు ఆ ఊరి కొలిముల్లో కత్తులు, తుపాకీ గొట్టాలు చేసేవారు. దేశంలోకి సైకిళ్లు వచ్చాక ఆ చేతులే సైకిల్ భాగాలు చేయడం నేర్చుకున్నాయి. షిమానో కంపెనీ 1921లో మొదలైంది కూడా అక్కడే. నా ఫ్రేములోని ఉక్కు గొట్టాలకు ఆ కమ్మరి వంశపు ఓర్పు ఉందని నా నమ్మకం.

నా మీద ఎక్కి ముందు సాగే మా గైడు, నోటోలోని వాజిమా ఊళ్లో పుట్టిపెరిగిన మనిషి. పొద్దున్నే ఒక్కొక్క సైకిల్ ముందూ మోకాళ్ల మీద కూర్చునేది. బొటనవేలితో టైరు నొక్కి గాలి చూసేది, బ్రేకు పట్టి చూసేది, చైను మీద నూనె చుక్క వేసేది. ఒక్కో యాత్రకు ఆరుగురు అతిథులు, నాలుగు రోజులు, రోజుకు సుమారు 50 కిలోమీటర్లు. సామాన్లు వ్యానులో ముందుగా వెళ్లిపోయేవి. అతిథులకూ నాకూ మిగిలేది దారి ఒక్కటే.

ఆ దారి చిరిహామాలో మొదలయ్యేది. కార్లు, బస్సులు కూడా సాగిపోయే 8 కిలోమీటర్ల ఇసుక తీరం అది. రేణువులు బాగా సన్నం, సముద్రపు తడి వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. మరెక్కడైనా కూరుకుపోయే నా చక్రం అక్కడ అలల పక్కనే తారు రోడ్డు మీదలా సాగింది. ఆ నానుడి ఆమె చెప్పింది అక్కడే. నేను దాన్ని నా టైరుతో విన్నాను.

ఉత్తరానికి పోయేకొద్దీ ఊళ్లు చిన్నవవుతాయి. ఓజావా, కామి ఓజావా అనే పల్లెల్లో ఇళ్లు కనిపించవు, వెదురు దడులే కనిపిస్తాయి. సన్నని వెదుళ్లను నిలువుగా కట్టి, సుమారు 3 మీటర్ల ఎత్తున ఊరి చుట్టూ నిలబెడతారు. చలికాలపు సముద్రపు గాలికి అదే అడ్డు, వేసవి ఎండకూ అదే చాటు. కారులో వెళ్లేవాళ్లకు అదొక గోడ. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు ఆ వెదుళ్ల సందుల్లోంచి గాలి చీలిపోతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. నా వేగం గంటకు పదిహేను కిలోమీటర్లు. పలకరించినవాళ్లకు బదులు చెప్పడానికి వీలున్న వేగం అది. దడి దగ్గర నిలబడ్డ బామ్మ ఒకావిడ, "ఎండ ముదిరింది, నెమ్మదిగా వెళ్లండమ్మా" అంటే, మా గైడు నన్ను ఆపి, దిగి, తల వంచి, "అలాగే బామ్మా" అనేది. అతిథులకు ఆ వంగడం తెలియకపోయినా చూసి నేర్చుకునేవారు.

వాజిమాలో ఆమె తండ్రి పనిచేసే గది ముందు నన్ను గోడకు ఆనించేది. ఉరుషి చెట్టు జిగురుతో కొయ్య గిన్నెలకు పూత వేయడం ఆయన వృత్తి. ఒక గిన్నె పూర్తవడానికి వందకు పైగా దశలు దాటాలి. అడుగు పూతల్లో వాళ్లు ఆ ఊరి మన్నే కలుపుతారు. తవ్వి తీసి, కాల్చి, మెత్తగా పొడి చేసిన మన్ను అది. పై మెరుపును చూసి మురిసిపోయే అతిథికి ఆయన అసంపూర్తి గిన్నె చూపించి, బలమంతా కనిపించని ఆ మట్టి పొరలోదేనని చెప్పేవాడు.

వాజిమా దాటాక షిరోయొనె సెన్‌మైదా. కొండవాలు మీద 1004 వరి మళ్లు మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగుతాయి. ఒక రైతు సాయంత్రం మళ్లు లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువైందట. ఎంత వెతికినా దొరక్క, ఇంటికి పోదామని గట్టు మీది గడ్డి గొంగడి ఎత్తితే, మిగిలిన మడి దాని కింద ఉందట. అంత చిన్న మడిలోకి యంత్రం దిగదు. నాట్లూ కోతలూ చేతులతోనే. నేను పైన రోడ్డు మీద స్టాండు వేసుకుని నిలబడితే, మా గైడు వెంట అతిథులు చెప్పులు విప్పి గట్ల మీదుగా దిగేవారు. తిరిగొచ్చినప్పుడు ఆమె పాదాల బురద నా పెడళ్లకు అంటేది.

ఆ తర్వాత సుజు అనే ఊరి ఉప్పు మడులు. సముద్రపు నీళ్లు మోసుకొచ్చి ఇసుక మీద చల్లి, ఎండబెట్టి, ఆ ఇసుకను కడిగి చిక్కటి ఉప్పునీరు తీసి, బానలో రాత్రంతా మరిగిస్తారు. నీళ్లు మోయడం నేర్వడానికి మూడేళ్లు, చల్లడం నేర్వడానికి పదేళ్లు అని అక్కడివాళ్లు అంటారు.

ఆఖరి రాత్రి బస ఒక రైతు ఇంట్లో. అక్కడ విన్న కథ నాకు అన్నిటికన్నా దగ్గరైంది. ఏటా డిసెంబరు 5న నోటో రైతు మంచి బట్టలు కట్టుకుని పొలానికి వెళ్లి వరి దేవతను ఇంటికి పిలుచుకొస్తాడు. 2009లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ ఆచారం పేరు అయెనొకోతొ. వరి ఆకుల మొనలు గుచ్చుకుని ఆ దేవతకు చూపు పోయిందని వాళ్ల నమ్మకం. అందుకే రైతు అడుగడుగునా నోటితో చెబుతాడు. ఇదిగో గడప, ఇదిగో మెట్టు, ఇవి స్నానానికి వేణ్నీళ్లు, ఇది ఈ ఏటి అన్నం, ఇది చేప. పళ్లెంలోని ప్రతి వంటనూ పేరుపేరునా విన్నవిస్తాడు. చలికాలమంతా ఇంట ఉంచుకుని ఫిబ్రవరి 9న పొలానికి సాగనంపుతాడు. దారి చూపడమంటే ఇదే కదా అనిపించింది నాకు. ముందు నడుస్తూ, వెనక వచ్చేవాళ్ల కళ్లకు అందనిదాన్ని మాటలతో అందించడం.

2024 జనవరి 1. కొత్త సంవత్సరపు పండుగకు ఊరు విడిచిన పిల్లలంతా ఇళ్లకు చేరిన రోజు. నేను షెడ్డులో కొక్కేనికి వేలాడుతున్నాను. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు నేల కదిలింది. 7.6 తీవ్రత. గోడ పడింది, దానితో నేనూ పడ్డాను. ముందు చక్రం వంకరపోయింది. ఆ చీకట్లో ఎన్ని రోజులున్నానో లెక్క తెలియదు.

నన్ను బయటికి తీశాక మా గైడు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. వాజిమా ఉదయపు సంత వీధి కాలిపోయింది. నల్ల పెంకుల కప్పులు నేల మీద కూర్చున్నాయి. వాజిమాకు పడమట కొన్నిచోట్ల తీరం 4 మీటర్ల దాకా పైకి లేచింది. రేవుల్లో పడవల కింద నీరు లేదు. ఉప్పు మడుల నుంచి సముద్రం దూరంగా జరిగింది. దయగల మట్టి అన్న మాట అప్పుడు నాకు మేకులా గుచ్చుకుంది. నా చక్రాన్ని మోసిన నేలేనా ఇది?

ఆమె ఏమీ అనలేదు. నా చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క చువ్వనూ కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, మళ్లీ తిప్పి చూస్తూ రెండు సాయంత్రాలు కూర్చుంది. వంకర తీరింది.

మే నెలలో నన్ను వ్యానెక్కించుకుని సెన్‌మైదా వెళ్లింది. మళ్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. నెర్రెల్లో మట్టి కూరి, గట్లు మళ్లీ ఎత్తి, నీళ్లు నిలిచేట్టు చేసినవాళ్లలో తమ ఇళ్లే పోగొట్టుకున్నవాళ్లున్నారు. 1004 మళ్లలో ఆ ఏడు నాటగలిగింది సుమారు 120. మా గైడు కూడా మోకాళ్ల దాకా దిగి నాట్లు వేసింది. సాయంత్రం ఆ చేతులతోనే నా హ్యాండిల్ పట్టుకుంది. మట్టి దయ మట్టిలోనే పుట్టదని ఆ తడి చేతుల కింద నాకు అర్థమైంది. దాన్ని ఏటేటా మళ్లీ చేయాలి, గిన్నెకు అడుగు పూత వేసినట్టు. ఆ సెప్టెంబరులో కుండపోత వాన మళ్లీ కొండల్ని కిందికి తెచ్చింది. మరుసటి ఏడు మళ్లీ నాట్లు పడ్డాయి.

ఇప్పుడు కొద్దిమంది అతిథులు వస్తున్నారు. దారి తెగినచోట వ్యాను, బాగున్నచోట నేను. ఖాళీగా చదునైన సంత వీధి దగ్గర ఆమె నన్ను ఆపి, దిగి, తల వంచి నిలబడుతుంది. తర్వాత చెయ్యి చాచి చెబుతుంది. ఇదిగో, ఇక్కడ ఎండు చేపలు అమ్మే అవ్వ కూర్చునేది, "కొనవమ్మా" అని పిలిచేది. ఇక్కడ మా నాన్న చేసిన గిన్నెలు అమ్మే కొట్టు. ఇక్కడ ఊరగాయల బుట్టలు. అతిథులు ఆమె వేలు వెంట ఖాళీ నేలను చూస్తారు. ఆమె తొందరపడదు. ఒక్కొక్క కొట్టునూ పేరుపేరునా విన్నవిస్తుంది, చూపులేని దేవతకు పళ్లెంలోని అన్నాన్ని విన్నవించినట్టు. అంతా అయ్యాక నా పెడల్ మీద కాలు పెడుతుంది. మేము సెన్‌మైదా వైపు సాగుతాం.