నల్లమల దారిలో హారన్

నేను బస్సు హారన్‌ని. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సుకు ముందు భాగంలో, జాలీ వెనక నా చోటు. డ్రైవరు నొక్కగానే నాలోని తీగచుట్టకు కరెంటు అంది పల్చటి రేకును లాగుతుంది. రేకు కదలగానే కరెంటు తెగి, అది మళ్లీ వెనక్కి పోతుంది. సెకనుకు వందలసార్లు అలా కొట్టుకుంటేనే నాకు గొంతు. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటేదాకా ఆ గొంతుకు తెరిపి ఉండదు.

మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఇక్కడ గేటు మూసేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు విసుక్కుంటారు గానీ, నాకు ఎంతో నచ్చిన నిబంధన ఇది. పులి, చిరుత, ఎలుగుబంటి తిరిగే వేళ రోడ్డయినా వాటికి వదలాలి కదా!

డ్రైవరు సీటు ఎత్తులో ఉంటుంది. నేను మాత్రం దుప్పి కళ్లకు ఎదురుగా ఉంటాను. ఒక ఉదయం ఫరహాబాద్ దాటాక అలాగే చూశాను. రోడ్డు పక్క చెట్టు మీద కొండముచ్చులు చిగుళ్లు తుంచి తింటూ సగం కింద పారేస్తున్నాయి. వాటి కోసం దుప్పులు చేరాయి. పైన ఉన్నవాటికి చూపు దూరం, కింద ఉన్నవాటికి ముక్కు చురుకు. పులి వస్తే ఎవరు ముందు పసిగట్టినా ఇద్దరికీ రక్షణే. కొన్ని దుప్పులు రోడ్డెక్కాయి. మా డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"అన్నా, ఓ హారన్ కొట్టు, అవే పోతయి" అన్నారెవరో.

"వద్దు. పిల్లలున్నయి. దాటేదాంక ఆగుదాం."

అంతలో వెనక కారు గట్టిగా మోగింది. కొండముచ్చు ఖక్కుమని అరిచింది. మంద చెల్లాచెదురై అవతలికి దూకింది, ఒక కూన ఇటే ఉండిపోయింది. దాని ముక్కుపుటాలు అదురుతున్నాయి, ముందుకాళ్లు వణుకుతున్నాయి. అవతల తల్లి నేలను కాలితో తన్నుతూ పిలుస్తోంది. మేం కదల్లేదు. కూన తారు మీద ఒకసారి జారి, లేచి, తల్లి దగ్గరికి చేరాకే ఇంజను స్టార్టయింది.

అడవిలో నెమ్మదిగా నడిపే బండికి నాతో పెద్దగా పని ఉండదు. వేగంగా వచ్చేవాళ్లే నన్ను నమ్ముకుంటారు, అప్పటికే సమయం మించిపోతుంది. కిటికీలోంచి అరటిపళ్లు, బిస్కెట్లు విసిరేవాళ్లను చూస్తే మరీ బాధ. పుణ్యమనుకుంటారు. ఆ తిండికి అలవాటుపడి కోతులు పిల్లల్ని పొట్టకు కరిపించుకుని టైర్లకు అడ్డం పరుగెత్తుతాయి.

వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటితే దారి కృష్ణమ్మ లోయలోకి దిగుతుంది. వానాకాలం శ్రీశైలం డ్యాం 12 గేట్లలో కొన్నయినా ఎత్తితే నీటి తుంపర జాలీ దాకా వచ్చి నన్ను తడుపుతుంది. ప్రయాణికులంతా ఒకే వైపు కిటికీలకు చేరతారు. డ్రైవరు చూపు మాత్రం మలుపు మీదే. ఎదుటి బండి కనిపించని ఆ వంపుల్లో నేను గొంతు దాచుకోకూడదు. ప్రతి మలుపుకూ ముందే మోగుతాను. కింది నుంచి ఎక్కే బస్సు బదులిస్తుంది. దానికి దారిచ్చి మేం గోడ పక్కకు ఒదుగుతాం.